చెత్త గొట్టంలో పడిన కుంకుమ భరిణె

నా చిన్నప్పుడు మా వంటింటి గోడలో ఒక చిన్న ఇనుప తలుపు ఉండేది. దాన్ని ముందుకు లాగి, చెత్త వేసి, మళ్ళీ మూసేస్తే ఆ చెత్త దడదడమని గొట్టంలోంచి జారిపోయి నేలమీదున్న గదిలో పడేది. మాది ఏడో అంతస్తు. టోవా పాయోలో మా బ్లాకు కట్టి అప్పటికి ఎన్నో ఏళ్ళు కాలేదు. రేకుల ఇళ్ళలోంచి ఫ్లాట్లలోకి కొత్తగా వచ్చినవాళ్ళందరికీ ఆ గొట్టం ఒక వింత. బుట్ట మోసుకుని కిందికి దిగక్కర్లేదు. వద్దనుకున్నది ఒక్క క్షణంలో కంటికి కనపడకుండా పోతుంది. నాలాంటి పిల్ల ఉన్న ఇంట్లో అంత సౌకర్యం ఉండకూడదని మాత్రం ఎవరికీ తోచలేదు.

నాలాంటి పిల్ల అంటే ఏమిటో చెప్పాలి. పదేళ్ళు నాకు. కాలు ఒకచోట నిలిచేది కాదు. పక్కవాళ్ళ తప్పు కనపడితే నోరు కూడా నిలిచేది కాదు. పూజలో ఎవరు కునికిపాట్లు పడ్డారో, జపమాల చెప్పేటప్పుడు మా అక్క ఎన్ని పూసలు దాటేసిందో, ఎవరు మోకాళ్ళ మీద ఉండాల్సిన చోట బెంచీకి ఆనుకున్నారో అన్నీ చూసి, ఇంటికొచ్చి వరసగా అప్పజెప్పేదాన్ని. మా నాన్న నన్ను ఇన్‌స్పెక్టరమ్మ అని పిలిచేవాడు. అది మెచ్చుకోలు అనుకుని మురిసిపోయేదాన్ని. ఎంత తెలివితక్కువదాన్నో!

మాది గుంటూరు వైపు నుంచి వచ్చిన కథోలిక కుటుంబం. మా తాతయ్య సముద్రం దాటి ఈ దేశపు నౌకాశ్రయంలో పనికి వచ్చి ఇక్కడే ఉండిపోయాడు. ఆదివారం పూజ తమిళంలో జరిగేది. పాటలు సగం వచ్చేవి, సగం పెదవులు కదిపేవాళ్ళం. పూజ అయ్యాక తెలుగు పిల్లలం ఏడెనిమిది మందిమి గుడి వెనక గదిలో ఒక మూల చేరేవాళ్ళం. అక్కడ మాకు జ్ఞానోపదేశం చెప్పేది మా బ్లాకులోనే మూడో అంతస్తులో ఉండే మాస్టారు. నిజానికి ఆయన మాస్టారు కాదు, రేవులో గోడౌన్ చూసుకునే మనిషి. కానీ కథ చెప్పడంలో ఆయన్ని మించినవాళ్ళు లేరు. ఆయన చెప్తుంటే నా కాళ్ళు కూడా కాసేపు ఊరుకునేవి.

ఆ ఆదివారం ఆయన ఒక పునీతుడి కథ మొదలుపెట్టారు. ఆ పునీతుడిది ఇటలీ. మాకు ఆయన పేరు నోరు తిరగక మిలాను పునీతుడు అనేవాళ్ళం. పెద్ద జమీందారీ ఇంట్లో పుట్టాడు. మేనమామ పోపుగారు అయ్యారు. ఇరవై రెండేళ్ళు నిండకుండానే ఈయన్ని కార్డినల్ చేశారు. మిలాను నగరానికి అగ్రపీఠాధిపతిని చేసి పంపారు. ఆ నగరంలో పీఠాధిపతి అన్నవాడు కాపురముండి ఎనభై ఏళ్ళయిందట. పూజ చేసే గురువులకే ప్రార్థనలు సరిగా రావు. జనం గుడిని సంతలా చూస్తున్నారు. గొప్పవాళ్ళు తమ జెండాలు, తమ సమాధులు, తమ వంశాల గుర్తులు గుడినిండా నింపేశారు. ఈయన వచ్చి అన్నీ తీయించేశాడు. సొంత చుట్టాల సమాధుల్ని కూడా వదల్లేదు. కోపం పట్టలేక ఒక సన్యాసి, ఆయన మోకాళ్ళ మీద ప్రార్థన చేసుకుంటుంటే వెనకనుంచి తుపాకీతో కాల్చాడు. గుండు వీపుకి తగిలి కమిలింది అంతే. ప్రార్థన పూర్తయ్యేదాకా ఆయన లేవలేదు.

సరిగ్గా అక్కడ గంట కొట్టారు. ఆ గది తమిళ పిల్లల క్లాసుకి ఇచ్చేయాలి. మిగతాది వచ్చే వారం అన్నారు మాస్టారు. కానీ నాకు వచ్చే వారందాకా ఆగే ఓపిక ఎక్కడిది? తుపాకీ గుండు తగిలినా లేవని మనిషి నా బుర్రలో కూర్చున్నాడు. బస్సులో ఇంటికొస్తున్నంతసేపూ నేనేం తీయించేయాలా అని వెతుక్కుంటూనే ఉన్నాను.

మా హాల్లో గోడకి ఒక చెక్క అర ఉండేది. దాని మీద మరియమ్మ స్వరూపం. సాయంత్రం జపమాల అక్కడే. మరియమ్మ చుట్టూ మా ఇంట్లోవాళ్ళు ఎవరికి తోచింది వాళ్ళు పెట్టుకునేవాళ్ళు. నాన్నకి తను పనిచేసే ఓడల యార్డు ఆటల పోటీల్లో వచ్చిన కప్పు, అక్క కొనుక్కున్న ప్లాస్టిక్ గులాబీలు, జ్ఞానోపదేశం పరీక్షలో ఫస్టు వచ్చినందుకు నాకిచ్చిన నీలం రిబ్బను, ఒక పక్కగా మా నాయనమ్మ కుంకుమ భరిణె. ఆ మధ్యాహ్నం ఆ అర నా కళ్ళకి మిలాను గుడిలాగే కనిపించింది.

ఆ భరిణె సంగతి నాకు తెలిసింది తర్వాత. మీకు మాత్రం ముందే చెప్తాను, లేకపోతే నేను చేసినదాని బరువు మీకు తెలియదు. మా నాయనమ్మ పుట్టింటివాళ్ళు హిందువులు. తాతయ్యని పెళ్ళి చేసుకోవడానికి జ్ఞానస్నానం తీసుకుంది. వాళ్ళమ్మ ఆ పెళ్ళికి రాలేదు. గుడి మెట్లు కూడా ఎక్కలేదు. కానీ కూతురు ఓడెక్కే రోజున మద్రాసు రేవుకి ఒక్కతే వచ్చి, అరచేతిలో ఇమిడే ఈ ఇత్తడి భరిణె చేతిలో పెట్టి, ఎక్కడున్నా నుదురు బోసిగా ఉంచుకోకు అని చెప్పి వెళ్ళిపోయింది. ఆ తర్వాత తల్లీకూతుళ్ళు ఒకరినొకరు చూసుకోలేదు. భరిణెలో రెండు అరలు. ఒక దాంట్లో నాయనమ్మ సెరంగూన్ రోడ్డులో కొనుక్కున్న కుంకుమ పోసుకునేది. రెండో దాంట్లో వాళ్ళమ్మ పోసిచ్చిన కుంకుమ అలాగే ఉంచేసింది, చిటికెడు కూడా తీయలేదు. తాతయ్య పోయినప్పుడు ఇక బొట్టు తీసెయ్యమని చుట్టాలు కూర్చుని చెప్తే, ఇది మొగుడు పెట్టింది కాదు, మా అమ్మ పెట్టింది, నేను తీయను అని తెగేసి చెప్పిందట. అలా ఒకసారి పోట్లాడి నిలబెట్టుకున్న బొట్టు అది.

ఇవేమీ నాకు తెలియదు. నాకు తెలిసిందల్లా అది మరియమ్మ పీఠం మీద ఉండకూడని వస్తువని. అమ్మా నాన్నా అక్కా హౌగాంగులో తెలిసినవాళ్ళింటికి వెళ్ళారు. నాయనమ్మ గదిలో పడుకుంది. నాన్న కప్పు తీసి మంచం కిందికి తోశాను, అది పారేసే ధైర్యం లేదు మరి! గులాబీలూ భరిణే మాత్రం తీసుకెళ్ళి ఇనుప తలుపు లాగి గొట్టంలో వేసేశాను. గులాబీలు చప్పుడు లేకుండా పోయాయి. భరిణె మాత్రం గోడలకి కొట్టుకుంటూ టంగు టంగుమని చాలాసేపు పోయింది. నేను వీపు నిటారుగా పెట్టి మరియమ్మ ముందు మోకరించాను. ఎవరైనా వెనకనుంచి కాల్చినా లేవకూడదనుకున్నాను.

ఎవరూ కాల్చలేదు. మూడున్నరకి నాయనమ్మ లేచింది. మొహం కడుక్కుని, తుడుచుకుని, అర దగ్గరికొచ్చి చెయ్యి పెట్టింది. చెయ్యి అక్కడే కాసేపు తడుముకుంది. నన్నేం అడగలేదు. అర కిందా, బల్ల కిందా వెతికింది. దిండ్లు ఎత్తి చూసింది. బీరువాలో చీరలన్నీ తీసి ఒక్కొక్కటీ దులిపింది. చివరికి బియ్యం డబ్బాలో మోచేతిదాకా చెయ్యి పెట్టి కలియబెట్టింది. బియ్యంలో ఎందుకుంటుంది? ఎక్కడుందో తెలియని మనిషి ఉండదని తెలిసిన చోట కూడా వెతుకుతుంది. బొట్టు లేని మా నాయనమ్మ మొహం నేను ఎప్పుడూ చూడలేదు. ఆ మొహం నాకు పరాయి మొహంలా ఉంది. చెప్పొద్దూ, భయమేసింది.

చెప్పేద్దామని నోటిదాకా వచ్చింది. వెంటనే రెండో ఆలోచన: నేను చేసింది తప్పు కాదు కదా, పునీతుడు చేసిందే కదా! ఇలా అటూ ఇటూ కొట్టుకుంటూ తలుపు తీసుకుని బయటపడ్డాను. మా బ్లాకులో లిఫ్టు ఐదులోనూ తొమ్మిదిలోనూ మాత్రమే ఆగేది, అందుకని మెట్ల మీదే. మూడో అంతస్తుదాకా దిగి, మాస్టారి తలుపు చూసి, మళ్ళీ ఏడుకి ఎక్కాను. గుమ్మంలోంచి చూస్తే నాయనమ్మ ఈసారి నా స్కూలు సంచీ బోర్లించి వెతుకుతోంది. మళ్ళీ దిగాను. మళ్ళీ ఎక్కాను. రోజూ సాయంత్రం ఐదింటికి చెత్త తీసే చైనా ముసలాయన వచ్చి కింద గది తాళం తీసి, అంతా తోపుడు బండిలోకి ఎత్తేసేవాడు. అది నాకు నాలుగో అంతస్తు మెట్ల మీద గుర్తొచ్చింది. ఆ బండి వెళ్ళిపోతే ఇక నేను చెప్పినా చెప్పకపోయినా ఒకటే. ఈసారి మూడో అంతస్తులో ఆగి తలుపు కొట్టాను.

మాస్టారు సాయంత్రం పూజకి వెళ్ళడానికి తెల్ల ప్యాంటు, తెల్ల చొక్కా వేసుకుని ఉన్నారు. ఏడుస్తూ, వెక్కుతూ, మధ్యలో నన్ను నేను సమర్థించుకుంటూ మొత్తం చెప్పాను. ఆయన గోడ గడియారం చూశారు. నాలుగూ నలభై. పూజకి వేసుకునే బూట్లు ఆయనకి ఒకటే జత. అవి విప్పి గుమ్మంలో పెట్టి, ప్యాంటు మోకాళ్ళదాకా మడిచి, వట్టికాళ్ళతో మెట్లు దిగారు.

ముసలాయన బండితో అప్పుడే వచ్చాడు. తాళం తీశాడు. ఆ గదిలోంచి వచ్చిన వాసన ఇప్పటికీ నా ముక్కుకి తెలుసు. పది ఇళ్ళ ఆదివారం వంట అంతా అక్కడుంది. చేప పేగులు, రొయ్య తలకాయలు, కొబ్బరి పిప్పి, పసిపిల్లల గుడ్డలు, పరుగెత్తే బొద్దింకలు. మాస్టారు వంగి చేతులతో తీయడం మొదలుపెట్టారు. ముసలాయన నోరు తెరుచుకుని చూశాడు.

"అపా చారి?" అన్నాడు. ఏం వెతుకుతున్నావని మలై భాషలో. అప్పట్లో బ్లాకులో అందరికీ అందరితో అదే భాష.

మాస్టారు చేతులతో డబ్బా సైజు చూపించారు. ముసలాయన తన పార పక్కన పెట్టి తనూ వంగాడు. నేను గుమ్మంలో నిలబడి ఒక కాలి మీంచి ఇంకో కాలి మీదికి మారుతున్నాను. సాయం చెయ్యాలని ఉంది, ముట్టుకోవాలంటే అసహ్యంగా ఉంది. ఏమీ చెయ్యలేక చివరికి వాదన పెట్టుకున్నాను.

"మీరేగా చెప్పింది మాస్టారూ! ఆయన సొంత చుట్టాలవి కూడా తీయించేశాడని."

ఆయన చేతులు ఆగాయి. "చెప్పానమ్మా," అన్నారు. "దానికంటే ముందు ఆయన ఏం తీశాడో చెప్పకుండానే గంట కొట్టేశారు."

మళ్ళీ వంగి వెతుకుతూ, ముక్కు మూసుకోకుండా, మిగతా కథ అక్కడే చెప్పారు. మిలాను వెళ్ళగానే ఆయన మొట్టమొదట చెయ్యి పెట్టింది సొంత ఇంటి మీదేనట. వెండి సామాను, ఖరీదైన సామగ్రి అమ్మేసి బీదలకి ఇచ్చేశాడు. గడ్డి పరుపు మీద పడుకున్నాడు. కొన్నేళ్ళకి ఊళ్ళోకి ప్లేగు వచ్చింది. అధికారులూ గొప్పవాళ్ళూ పారిపోయారు, ఆయన పోలేదు. రోగుల దగ్గరికి తనే వెళ్ళేవాడు. బీదలకి బట్టలు లేకపోతే తన భవనంలో తెరలు చింపి కుట్టించాడు. తలుపులు మూసుకుని లోపలున్న జనం కిటికీల్లోంచి పూజ చూసేలా కూడళ్ళలో పీఠాలు పెట్టించాడు. ఆ ఊరి పాపం అంతా తనదే అన్నట్టు మెడలో తాడు వేసుకుని వట్టికాళ్ళతో వీధుల్లో నడిచాడు. తనని కాల్చినవాణ్ణి వదిలెయ్యమని బతిమాలాడు.

"ఇంతకీ, ఆ అర మీద నీదేం లేదా తల్లీ?" అని అడిగారు, తల ఎత్తకుండానే.

నీలం రిబ్బను! నేను దాన్ని కదిలించలేదు. కదిలించలేదేమిటి, చుట్టూ ఖాళీ అయ్యాక దాన్ని కాస్త మధ్యకి జరిపి మరీ వచ్చాను. ఆ మాట ఆయనకి చెప్పలేదు. ఇన్నేళ్ళకి మీకే చెప్తున్నాను. నేనూ లోపలికి వెళ్ళి, చేప పొలుసుల్లో చెయ్యి పెట్టాను.

దొరికింది ముసలాయనకి. మూత సగం ఊడి వేలాడుతూ, నొక్కుకుపోయి ఉంది. రెండు అరలూ ఖాళీ. పక్కనున్న రొయ్య తొక్కల మీద అక్కడక్కడా ఎర్రగా ఉంది, అది కుంకుమో మరేమిటో చెప్పలేని ఎరుపు. మాస్టారు ఆ తొక్కల్ని కాసేపు చూసి, లాభం లేదని లేచారు. ఆ తెల్ల ప్యాంటు ఇక పూజకి పనికిరాదు. కింద కొళాయి దగ్గర భరిణె కడిగి, కాళ్ళూ చేతులూ కడుక్కుని, తడి కాళ్ళతోనే నాతో ఏడో అంతస్తుకి వచ్చారు.

నాతో తప్పయిపోయిందని చెప్పిస్తారనుకున్నాను. దారంతా ఆ మాటలే వల్లెవేసుకుంటూ ఎక్కాను. కానీ ఆయన గుమ్మంలో నిలబడి, నాకంటే ముందు, మా నాయనమ్మకి రెండు చేతులూ జోడించారు.

"తప్పు నాది పెద్దమ్మా. పిల్లకి సగం చెప్పి పంపించాను. సగం చెప్తే ఏమవుద్దో నేను చూసుకోవాల్సింది."

పెద్దవాళ్ళు చిన్నపిల్ల ఎదుట తప్పు ఒప్పుకోగా చూడటం నాకదే మొదలు. నన్ను తిట్టి ఉంటే నేను ఎదురు చెప్పి ఉండేదాన్ని, నా దగ్గర జవాబులన్నీ సిద్ధంగా ఉన్నాయి. ఇప్పుడు నేను వల్లెవేసుకున్న మాటలన్నీ మర్చిపోయి, నేనే పారేశాను నాయనమ్మా అని మాత్రం అనగలిగాను.

నాయనమ్మ భరిణె తీసుకుంది. మొదటి అర చూడలేదు. రెండోది చూసింది. వేలు పెట్టి మూలలన్నీ తుడిచి, వేలు చూసుకుంది. ఏమీ అంటలేదు. వాసన చూసింది, చేప వాసన. అప్పుడు ఏడ్చింది. మాస్టారు ఉన్నారని కూడా చూసుకోకుండా, చిన్నపిల్లలా, మా అమ్మ ఇచ్చిన కుంకం పోయింది అని పైకే అంటూ ఏడ్చింది. మద్రాసు రేవు కథ మేమిద్దరం విన్నది అప్పుడే, ఆ ఏడుపులోనే. అంతా అయ్యాక కళ్ళు తుడుచుకుని నా వైపు తిరిగింది.

"ఇదేందని అడిగితే చెప్పేదాన్ని గదే," అంది.

ఆ ఒక్క మాటే. కొట్టలేదు, అమ్మకీ నాన్నకీ చెప్పనూ లేదు. మూత ఊడి కింద పడిందని, గులాబీలు తనే తీసేశానని చెప్పింది వాళ్ళకి. నేను రిబ్బను తీసి గొట్టం దగ్గరికి పరిగెత్తబోతే చెయ్యి పట్టుకుని ఆపింది. ఇంక ఈ ఇంట్లోంచి ఏదీ పారెయ్యొద్దు అంది. మర్నాడు భరిణె చింతపండుతో తోమి, మూత సరిచేయించి, కొత్త కుంకుమ పోసుకుంది. ఒక్క అరలోనే. జపమాలలో నన్ను పక్కన కూర్చోబెట్టుకుంది ఎప్పటిలాగే. నన్ను క్షమించింది, అందులో నాకు ఏనాడూ అనుమానం లేదు.

కానీ ఒక సంగతి. ఆ తర్వాత నేను ఎప్పుడు ఆ హాల్లోకి విసురుగా వచ్చినా, అర ముందు నిలబడి బొట్టు పెట్టుకుంటున్న మా నాయనమ్మ ఎడమ చెయ్యి దానంతటదే వెళ్ళి భరిణె మీద పడేది. ఆమెకి తెలిసి చేసింది కాదు. నన్ను చూసి నవ్వుతూనే ఉండేది, చెయ్యి మాత్రం కప్పుకునేది. నాకు పదిహేనేళ్ళు వచ్చినా అంతే, ఉద్యోగంలో చేరినా అంతే. నా పెళ్ళినాడు ఆమె కాళ్ళకి దండం పెట్టడానికి గబగబా వెళ్ళాను. అప్పుడూ చూశాను ఆ చెయ్యి కదలడం. ఆమె మనసు ఆ తప్పుని ఎప్పుడో వదిలేసింది, ఆమె చెయ్యి మాత్రం ఎప్పటికీ వదల్లేదు.

ఇప్పుడు నేనే నాయనమ్మ వయసుదాన్ని. హౌగాంగులో మా అమ్మాయి వాళ్ళతో ఉంటున్నాను. నా గుణం పెద్దగా మారలేదని ఇంట్లో అందరూ చెప్తారు, అది నిజమే. తప్పు కనపడితే నాలుక దురద పెడుతూనే ఉంటుంది. మొన్న మా మనవరాలి గదిలోకి వెళ్ళాను, పూజకి టైమవుతుంటే ఇంకా బల్ల ముందే ఉందని చెడామడా దులిపేద్దామని. నేను తలుపు తోయగానే ఆ పిల్ల చెయ్యి బల్ల మీదున్న ఏదో పుస్తకం మీద పడింది.

ఆ చెయ్యి నాకు తెలుసు. నోటిదాకా వచ్చిన మాటలన్నీ మింగేసి, మంచం మీద కూర్చుని, అదేంటమ్మా అని అడిగాను.

"నథింగ్ లా, అమ్మమ్మా," అంది, ఏమీ లేదన్నట్టు ఇక్కడి పిల్లల యాసలో.

సరేనని కూర్చునే ఉన్నాను. కాళ్ళు లేచి వెళ్దామంటాయి, నోరు ఏదో ఒకటి అందామంటుంది. అడిగాక ఆగాలి కదా. ఆ సాయంత్రం పూజకి ఇద్దరం ఆలస్యంగా వెళ్ళాం. కానీ బయల్దేరే ముందు, ఎంతసేపటికో, ఆ పిల్ల పుస్తకం మీంచి చెయ్యి తనంతట తానే తీసింది.